చలికాలంలో వేడినీళ్ల ఖర్చు తగ్గించి, కరెంటు బిల్లును 200 యూనిట్ల లోపు నిలుపుకోవడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చలి ఆదిలాబాద్ చలి వంటిది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కొన్ని రోజులు అంతకంటే కిందికి దిగుతుంది, అమ్రాబాద్, మన్ననూరు వంటి నల్లమల ఊళ్లలో మరికొంచెం ఎక్కువగా కొరుకుతుంది. పొద్దెక్కిన తరువాత మాత్రం స్వెటర్ విప్పి పక్కన పెట్టాల్సిందే. కాబట్టి ఇక్కడి ఇళ్లలో చలికాలపు అదనపు ఖర్చు గదులు వెచ్చబెట్టుకోవడానికి కాక, దాదాపుగా స్నానాల నీళ్లు కాగబెట్టుకోవడానికే అవుతుంది. ఆ నీళ్లు ఏ వేళ తోడుకోవాలి, దేనితో కాచుకోవాలి, ఎన్ని నిమిషాలు కాచుకోవాలి అన్న మూడు సంగతులు సరిచూసుకుంటే, కార్తీకం నుంచి శివరాత్రి దాకా చాలా ఇళ్లు, నెలకు 200 యూనిట్ల దాకా వాడకానికి రాష్ట్ర ప్రభుత్వమే డబ్బు కట్టే గృహజ్యోతి పథకపు సున్నా బిల్లులోనే ఉండిపోవచ్చు. ఆ పథకం లేని ఇళ్లు కూడా పై శ్లాబులోకి, అంటే ఎక్కువ రేటు పడే మెట్టులోకి, పోకుండా ఆగవచ్చు.

మొదటి పని: బిల్లును చదవండి

చేతిలోకి బిల్లు రాగానే కింద ఉన్న మొత్తం చూసి పక్కన పడేయడం మనందరి అలవాటు. ఈసారి నాలుగు సంగతులు వెతకండి: ఈ నెల రీడింగ్, గత నెల రీడింగ్, ఆ రెండు రీడింగులు తీసిన తేదీలు, మీ కనెక్షన్‌కు మంజూరైన లోడ్ ఎన్ని కిలోవాట్లు అన్నది.

గృహజ్యోతి 2024 ఫిబ్రవరి 27న మొదలై, ఆ మార్చి నుంచి సున్నా బిల్లులు రావడం ప్రారంభమైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబం తన ఇంటి కనెక్షన్‌పై నెలకు 200 యూనిట్ల దాకా వాడుకుంటే ఆ డబ్బును విద్యుత్ సంస్థకు రాష్ట్ర ప్రభుత్వం చెల్లిస్తుంది. ఆ గీత దాటిన నెలలో మాత్రం దాటిన యూనిట్లకే కాకుండా మొత్తం వాడకానికీ మీరే కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు పడుతుంది. అంటే 200 యూనిట్ల దగ్గర సున్నా ఉన్న బిల్లు 201వ యూనిట్‌తో 1,027 రూపాయల 70 పైసలు అవుతుంది. స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం. ఒక్క యూనిట్ అంటే 1,500 వాట్ల హీటర్ రాడ్ నలభై నిమిషాలు వాడిన కరెంటు.

పథకం వర్తించని ఇళ్లకు కూడా ఈ గీతలు ముఖ్యమే. 200 యూనిట్ల దాకా ఆగితే విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు, 201కి వెళితే పైన చెప్పిన 1,027 రూపాయల 70 పైసలు. ఇద్దరే ఉండే చిన్న ఇంటికి 100 దగ్గర ఇలాంటిదే మరో గీత ఉంది: 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు, 101కి 344 రూపాయల 80 పైసలు. పేదవాడికి తక్కువ రేటు ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే కానీ, ఒక్క యూనిట్‌తో మొత్తం బిల్లు ఎగిరిపోయే ఈ పద్ధతి వల్ల గీత పక్కనే ఉన్న కుటుంబాలకు నెలనెలా గుబులు తప్పడం లేదని నా అభిప్రాయం. ఆ విధానం మారేదాకా గీత ఎక్కడుందో తెలుసుకుని మసలుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఇక తేదీలు. నెలకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్ల కంటే కొంచెం ఎక్కువ. అయితే రీడింగ్ తీసే మనిషి 30 రోజులకు బదులు 34 రోజులకు వస్తే, రోజుకు ఆరు యూనిట్లే వాడే ఇల్లు కూడా 204కు చేరుతుంది. అటువంటప్పుడు అదనపు రోజుల మేరకు లెక్క సరిచేశారో లేదో బిల్లులో చూసి, సరిచేయకపోతే అడగండి. అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండాలి కాబట్టి, గత రీడింగ్ తీసిన తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవడం, మీటరు అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకోండి.

రెండో పని: ఒక వారం మీటరు రాయండి

వారం పాటు ప్రతిరోజూ ఒకే వేళకు, ఉదాహరణకు రాత్రి అన్నాలు తిన్న తరువాత, మీటరులోని అంకెను రాసుకోండి. మరుసటి రోజు అంకెలోంచి దీన్ని తీసేస్తే రోజు వాడకం తెలుస్తుంది. వారంలో రెండు రోజులు ఉదయం స్నానాలకు ముందు ఒకసారి, అందరి స్నానాలు అయ్యాక మరోసారి కూడా రాస్తే వేడినీళ్ల ఖర్చు విడిగా బయటపడుతుంది. ఆ వేళ మోటారు, ఇస్త్రీపెట్టె వేయకుండా చూసుకోండి.

లెక్కను కాగితం మీద కూడా వేయవచ్చు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.16 వాట్-గంటల శక్తి కావాలి. ఇరవై లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 0.46 యూనిట్. నలుగురున్న ఇంట్లో రోజుకు నాలుగు బకెట్లంటే నెలకు 55 యూనిట్ల చిల్లర. ఇది ఎక్కువగానే కనిపిస్తుంది కానీ, చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోతాయన్న సంగతి మరిచిపోకండి: 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు, రోజుకు పది గంటల చొప్పున తిరగడం ఆగితే నెలకు 45 యూనిట్లు మిగులుతాయి. కాబట్టి ఎండాకాలంలో ఏసీ, కూలర్ లేకుండా 180 యూనిట్లతో గడిపిన ఇల్లు చలికాలంలోనూ దాదాపు అక్కడే ఉండాలి. అలా ఉండక 230, 250 వస్తోందంటే రోజంతా ఆన్‌లో ఉండే గీజరు, మరిచిపోయిన రాడ్, గది హీటరు, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

మూడో పని: చన్నీళ్లను కాదు, గోరువెచ్చని నీళ్లను కాగబెట్టండి

ఈ మార్గదర్శినిలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మిగిల్చే మెట్టు ఇదే. పల్లెల్లో పెద్దవాళ్లకు తెలిసిన విషయమే అయినా మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాక మనం దాన్ని వదిలేశాము. భూమి లోపలి నీటి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. మన ప్రాంతంలో బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లు చలికాలపు తెల్లవారుజామున కూడా 26, 27 డిగ్రీల వద్ద, చేతికి వెచ్చగా తగులుతూ వస్తాయి. అవే నీళ్లను సాయంత్రం మేడ మీది ట్యాంకుకు ఎక్కించి రాత్రంతా మంచులో వదిలేస్తే, పొద్దునకు 18 డిగ్రీలకు చల్లారి కూర్చుంటాయి. భూమి ఉచితంగా ఇచ్చిన తొమ్మిది డిగ్రీల వేడిని ఆకాశానికి వదిలేసి, మళ్లీ అంత వేడినీ కరెంటుతో కొనుక్కుంటున్నామన్నమాట.

లెక్క చూడండి. ట్యాంకులోని 18 డిగ్రీల నీళ్లను ఇరవై లీటర్లు 40 డిగ్రీలకు తేవడానికి 0.51 యూనిట్ కావాలి. అప్పుడే తోడిన 27 డిగ్రీల నీళ్లకు 0.30 చాలు. నలుగురి ఇంట్లో నెలకు ఈ తేడా 25 యూనిట్లు. మోటారు ఎలాగూ రోజుకొకసారి వేసేదే కాబట్టి వేళ మార్చడం వల్ల దాని ఖర్చు పెరగదు. చేయవలసినది ఇది:

సాయంత్రం మోటారు వేసే అలవాటును ఉదయానికి, స్నానాలకు పావుగంట ముందుకు మార్చండి. పైపులో రాత్రి నిలిచిన నీళ్లు పోయేదాకా మొదటి బకెట్‌ను గిన్నెలకో వాకిలి కడగడానికో వాడుకుని, ఆ తరువాత వచ్చే నీళ్లు స్నానానికి పట్టుకోండి. ట్యాంకుకు ఎక్కే పైపుకు కింద ఒక నల్లా బిగించుకుంటే ఇది మరీ సులువు. ప్లంబర్‌కు అది పెద్ద పని కాదు. ఇంటి బోరు లేక మిషన్ భగీరథ నీళ్ల మీదే ఆధారపడినవారు నీళ్లు వచ్చిన వేళ వాటిని మేడ మీదికి ఎక్కించకుండా స్నానపు వంతు వరకు ఇంటి లోపలే డ్రమ్ములో నింపి, మూత పెట్టి, చుట్టూ గోనెసంచి కట్టి ఉంచుకోవచ్చు. లోపలి గదిలో నీళ్లు రాత్రికి అంతగా చల్లారవు.

రెండో ఉచిత వేడి ఎండ. మన దగ్గర చలికాలం అంటే నిర్మలమైన ఆకాశం. నల్లరంగు వేసిన డబ్బాలోనో, నల్లని ప్లాస్టిక్ బకెట్‌లోనో నీళ్లు పోసి మూత పెట్టి మేడ మీద ఎండకు ఉంచితే సాయంత్రం నాలుగు గంటలకు స్నానానికి సరిపడా వెచ్చబడతాయి. చిన్నపిల్లలకు, ముసలివారికి, నెలల బిడ్డలకు పొద్దున ఆరుకు పోసే స్నానాన్ని మధ్యాహ్నానికి మార్చడం ఖర్చుకే కాదు, ఆరోగ్యానికీ మంచిది. బడికి, పనికి పోయేవారికి ఇది కుదరదు. కుదిరినవారిది మార్చినా రోజుకు ఒకటి రెండు బకెట్ల కరెంటు తగ్గుతుంది.

నాలుగో పని: దేనితో కాచాలో తేల్చుకోండి

హీటర్ రాడ్, గీజరు, గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి, సోలార్ హీటరు, వీటిలో ఏది చవక అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. మీరు 200 గీతకు ఎంత దూరంలో ఉన్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

రాడ్ గురించి ముందు చెబుతాను. నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడంతా నీళ్లకే పోతుంది. ఆ విధంగా చూస్తే రాడ్‌కు మించినది లేదు. 1,500 వాట్ల రాడ్ ఇరవై లీటర్ల బకెట్‌ను ఇరవై నిమిషాల్లో, 1,000 వాట్లది అరగంటలో స్నానానికి తెస్తుంది. తోడిన వెంటనే బోరు నీళ్లైతే ఇంకా తొందరగా అవుతాయి. నష్టమంతా మరిచిపోవడంలోనే ఉంది: స్విచ్ వేసి పాలు కాచడానికి వంటింట్లోకి పోతే నీళ్లు పొగలు కక్కుతాయి, తరువాత సగం బకెట్ చన్నీళ్లు కలిపి రెండింతల నీళ్లు పోసుకుంటాము. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. యాసంగి నాట్ల వేళ పల్లెల్లో పొద్దున వోల్టేజీ పడిపోయినప్పుడు రాడ్ నెమ్మదిస్తుంది; 230కి బదులు 180 వోల్టులే వస్తుంటే దాని బలం పదింట ఆరు పాళ్లకు తగ్గి, ఇరవై నిమిషాల పని ముప్పై మూడు నిమిషాలు పడుతుంది. నిమిషాలు పెరిగినా యూనిట్లు దాదాపు అంతే అవుతాయి కనుక, లో-వోల్టేజీలో బిల్లు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు.

గీజరు ఉన్నవారు మూడు మార్పులు చేయాలి. మొదటిది, రోజంతా ఆన్‌లో ఉంచకుండా స్నానాలకు ఇరవై నిమిషాల ముందు వేసి, చివరివాడు లోపలికి పోయేముందే ఆపేయడం. ట్యాంకులో మిగిలిన వేడినీళ్లు అతనికి సరిపోతాయి. నీళ్లు వాడకపోయినా ట్యాంకు చల్లారుతూ మళ్లీ కాగుతూ ఉండడం వల్ల రోజుకు సుమారు అర యూనిట్, పాతదైతే ఇంకా ఎక్కువ, ఊరికే పోతుంది. రెండోది, థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల చుట్టూ దించడం. మూడోది, ఇంట్లో అందరూ వెంటవెంటనే స్నానాలు చేయడం, షవర్ కింద నిలబడకుండా బకెట్, చెంబుతో పోసుకోవడం. కొత్తది కొనేటప్పుడు నలుగురికి 15 లీటర్లది చాలు, స్టార్ గుర్తులు ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. 25 లీటర్లది కొనమని దుకాణంలో ఒత్తిడి చేస్తారు. నిలబెట్టి ఉంచే నీళ్లు ఎంత ఎక్కువైతే ఊరికే చల్లారే వేడి అంత ఎక్కువ. గీజరు 2,000 వాట్లు లాగుతుంది కాబట్టి, మీకు మంజూరైన లోడ్ ఒక కిలోవాట్ మాత్రమే అయితే బిగించే ముందే ఊరి లైన్‌మన్‌ను లేదా సెక్షన్ ఆఫీసును కలిసి లోడ్ పెంచుకోవాలి.

ఉప్పునీళ్ల విషయం నల్లగొండ జిల్లావారికి వేరుగా చెప్పాలి. బోరు నీళ్లలోని సున్నం రాడ్ మీద, గీజరు కాయిల్ మీద తెల్లని పొరగా పేరుకుంటుంది. దీనివల్ల కరెంటు పెద్దగా పెరగదు కానీ, కాయిల్ వేడి బయటికి పోక లోలోపల కాలిపోయి రెండు సీజన్లకే పాడవుతుంది. నెలకొకసారి రాడ్‌ను ప్లగ్ నుంచి తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా ముంచి పొద్దున పాత బ్రష్‌తో రుద్దితే పొర ఊడిపోతుంది. గీజరును రెండేళ్లకొకసారైనా మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయించండి. ఈ సందర్భంలోనే మరో మాట: ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఎంత మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. స్నానానికి కాచిన బోరు నీళ్లు వేడిగా ఉన్నాయి కదా అని అన్నానికి, చాయ్‌కి వాడకండి. వాటికి భగీరథ నీళ్లే వాడాలి.

గ్యాస్ మీద కాచుకునేవారు ఇలా లెక్కవేసుకోండి. 14.2 కిలోల సిలిండర్‌తో, పొయ్యి సరిగా మండితే, ఇరవై లీటర్ల బకెట్లు సుమారు 250 కాచవచ్చు. 500 రూపాయల సిలిండర్ అయితే బకెట్‌కు రెండు రూపాయలు; పూర్తి ధర 900 అనుకుంటే మూడు రూపాయల అరవై పైసలు. అయితే మహాలక్ష్మి పథకంలో 500కు వచ్చే సిలిండర్లకు పరిమితి ఉంది: గత మూడేళ్లలో మీరు సగటున ఏడాదికి ఎన్ని వాడారో అన్నింటికే రాయితీ వస్తుంది. వంటకు ఏడాదికి నాలుగే వాడే ఇల్లు చలికాలపు స్నానాలకు మరో రెండు కాల్చేస్తే ఆ రెండూ పూర్తి ధరవే అవుతాయి. కనుక గృహజ్యోతిలో 200 లోపు ఉన్న ఇంటికి గ్యాస్ మీద నీళ్లు కాచడం దండగ. 200 దాటడానికి నాలుగైదు యూనిట్ల దూరంలో, రీడింగ్‌కు రెండు మూడు రోజుల ముందు ఉన్న ఇంటికి మాత్రం ఆ కొద్ది రోజులు గ్యాస్ మీద కాచుకోవడం తెలివైన పని. ముప్పై నలభై రూపాయల గ్యాస్‌తో వెయ్యి రూపాయల బిల్లు తప్పుతుంది.

పల్లెల్లో కట్టెలకు కొదవ లేదు. పాలమూరులో కంది కట్టె, నల్లగొండలో పత్తి కట్టె, అంతటా సర్కారు తుమ్మ దొరుకుతాయి, మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊకతో ఊక పొయ్యి మండించుకునేవారు కూడా ఉన్నారు. మామూలు మూడు రాళ్ల పొయ్యి మీద కిలో ఎండు కట్టెకు సుమారు ఒక బకెట్ కాగుతుంది, మిగతా వేడంతా గాలిపాలు. కాబట్టి కట్టెలు కొనుక్కోవాల్సినవారికి కిలో కట్టెల ధర ఎంతో బకెట్ ధర అంత. సొంత చేను కట్టెలైతే ఖర్చు లేదు, పొగ మాత్రం ఉంటుంది. అందుకే కాగును పెరట్లో, ఆరుబయట పెట్టి, మూత వేసి కాచండి. ఒక హెచ్చరిక రైతులకు: పత్తి కట్టెను వచ్చే వానాకాలం దాకా ఇంటి ముందు కుప్ప పెట్టుకోకండి, ఎండిన కాయల్లో దాగిన గులాబీరంగు పురుగు మళ్లీ మీ చేలోకే వస్తుంది. ముందు పత్తి కట్టెను తగలేసి, కంది కట్టెను నిలువ ఉంచండి.

సోలార్ వాటర్ హీటరు సొంత ఇల్లు, మేడ ఉన్నవారికి పనికొస్తుంది. 100 లీటర్లది నలుగురికి సరిపోతుంది. కానీ నాలుగు నెలల చలికాలపు స్నానాల కోసమే అయితే అది తొందరగా డబ్బు రాబట్టదు. పీఎం సూర్యఘర్ పథకపు రాయితీ దీనికి వర్తించదు, కరెంటు తయారుచేసే సౌర ఫలకాలకే వర్తిస్తుంది: ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయలు. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఊరంతా ఇళ్లపై ఈ ఫలకాలు పెట్టారని విని చాలామంది అడుగుతున్నారు. నెలకు 300 యూనిట్లు దాటే ఇళ్లకు మూడు కిలోవాట్ల ఫలకాలు, రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తాయి కాబట్టి, మంచి పెట్టుబడి. ఇప్పటికే సున్నా బిల్లు వస్తున్న ఇల్లు మాత్రం అప్పు చేసి ఫలకాలు పెట్టించుకోవడంలో అర్థం లేదు, ఏజెంట్ ఎంత తియ్యగా చెప్పినా సరే.

అయిదో పని: గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచండి

గది హీటరు మన ప్రాంతానికి అవసరం లేదు. 1,000 వాట్లది రోజుకు రెండు గంటలు వేస్తే నెలకు 60 యూనిట్లు; 2,000 వాట్లదైతే 120. నెలలు నిండని బిడ్డ, మంచాన పడ్డ ముసలివారు ఉన్న ఇంట్లో డాక్టర్ చెప్పినప్పుడు వేరు.

రేకుల ఇళ్లలో చలి పైనుంచి దిగుతుంది, నాపబండల నేల కిందినుంచి లాగేస్తుంది. రేకు కింద పాత చీరలనో, టార్పాలిన్‌నో పరదాలా కట్టి మధ్యలో జానెడు ఖాళీ వదిలితే ఆ గాలి పొరే చలిని ఆపుతుంది. నవారు మంచం మీద పడుకునేవారు పైన రెండు దుప్పట్లు కప్పుకుని కింద ఏమీ వేసుకోరు. నడుము కిందినుంచి చలి ఎక్కుతుంటే పైన ఎన్ని కప్పుకున్నా ప్రయోజనం ఉండదు. ముందు కింద బొంత పరచండి. కురుమలు నేసిన నల్ల గొంగడి ఇంట్లో ఉంటే దాన్ని మించిన కప్పుకోలు లేదు, కరెంటు అడగదు, రెండు తరాలు నిలుస్తుంది. గుచ్చుకుంటుందని మూలన పడేసిన ఇళ్లలో కింద ఒక నూలు దుప్పటి కప్పుకుని పైన గొంగడి వేసుకుని చూడండి.

ప్రాణాపాయం ఉన్న మూడు చోట్లు

మొదటిది కుంపటి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, పొగ ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. బాలింత మంచం కింద కుంపటి పెట్టే ఆచారం ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లకు నెమ్మదిగానైనా గట్టిగా చెప్పి మాన్పించాలి; బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, ఇద్దరికీ కలిపి కప్పడమే బిడ్డకు మంచి వెచ్చదనం. ఇంటి ముందు చలిమంట వేసుకున్నా, మిగిలిన నిప్పులను లోపలికి తెచ్చుకోవద్దు.

రెండోది గ్యాస్ గీజరు. దాన్ని స్నానాల గది లోపల బిగించకూడదు. ఇదే విషవాయువు అక్కడా పుడుతుంది. బయట గోడకు బిగించి, నీళ్ల పైపును మాత్రమే లోపలికి తేవాలి.

మూడోది రాడ్. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఆ తరువాతే బకెట్‌లో చెయ్యి పెట్టాలి; నీళ్లు కాగాయేమోనని వేలు ముంచి చూడడం వల్లనే ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఇనుప, స్టీలు బకెట్ వాడకండి. ఐఎస్ఐ గుర్తు లేని రాడ్ కొనకండి, 16 ఆంపియర్ల ప్లగ్‌కే పెట్టండి, ఇంటికి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ ఒకటి మెయిన్ దగ్గర బిగించుకుంటే షాక్ తగిలిన క్షణంలోనే కరెంటు ఆగుతుంది. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో రాడ్ ఉన్న గదికి బయటినుంచి గొళ్లెం పెట్టండి.

ఆరో పని: పథకం అందకపోతే

200 లోపు వాడుతున్నా సున్నా బిల్లు రాకపోతే కారణం సాధారణంగా కాగితాల్లోనే ఉంటుంది: రేషన్ కార్డు, ఆధార్ సంఖ్య, మీటరు సర్వీసు నంబరు ఈ మూడూ కలవకపోవడం. పల్లెల్లో మండల పరిషత్ కార్యాలయంలో, పట్టణాల్లో మునిసిపల్ కార్యాలయంలో ప్రజాపాలన దరఖాస్తులు చూసే చోటుకు ఈ మూడింటి నకళ్లు, తాజా బిల్లు తీసుకుపోయి సరిచేయించండి. 2025లో కొత్త రేషన్ కార్డు వచ్చినవారు కార్డు రాగానే పథకం దానంతట అదే వస్తుందని ఎదురుచూడకుండా దరఖాస్తు చేసుకోవాలి. అద్దెకు ఉన్నవారికి కూడా పథకం వర్తిస్తుంది. మీరు ఉంటున్న వాటా మీటరు నంబరును మీ కార్డుకు జతచేయించుకోవాలి, ఇల్లు మారినప్పుడు ఆ నంబరు మార్పించుకోవాలి. ఒక కుటుంబానికి ఒకే మీటరు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరుగా వండుకుంటూ, వేరు కార్డులతో ఉండి, ఒక్క మీటరు మీదే నడుస్తుంటే 200 గీత ఇద్దరికీ కలిపి ఒక్కటే అవుతుంది. అలాంటివారు చలికాలం రాకముందే రెండో సర్వీసుకు దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

రీడింగ్ తప్పుగా వేశారనిపించినా, మీటరు ఎక్కువ తిరుగుతోందని అనుమానం వచ్చినా మొదట ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి మీటరు వైపు చూడండి. అప్పటికీ కదులుతుంటే వైరింగ్‌లో లోపమో, మీటరు లోపమో ఉన్నట్టే. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, సెక్షన్ ఆఫీసులో లిఖితపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఈ రెండు చోట్లకూ మీరు రాసుకున్న మీటరు అంకెలు, తేదీలు, ఫొటోలు, రసీదుల నకళ్లు జతచేసి పంపాలి.